వేవిళ్ళ నెలల్లో పంతులమ్మ: చట్టం ఆలస్యంగా చూసిన కాలం



కిందటి విద్యాసంవత్సరంలో, సరిహద్దు గ్రామపు తెలుగు బడిలో పనిచేసే ఒక చిన్నవయసు ఉపాధ్యాయిని మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇస్తే వాసన పడలేదని గ్లాసు పక్కన పెట్టింది. కొంతసేపటికి గొంతు తగ్గించి, "అక్కా, నాకు రెండో నెల. బడిలో ఎప్పుడు చెప్పాలి?" అని అడిగింది.

ప్రసూతి సెలవు ఎన్ని రోజులని అడిగి ఉంటే వెంటనే చెప్పేదానిని. ఎప్పుడు చెప్పాలన్న ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇంట్లో పెద్దలు మూడో నెల దాటేవరకు నోరు విప్పవద్దంటారు. బడిలో చెబితే కోపమో, జాలో, ఎగతాళో ఎదురవుతుందని భయం. చెప్పకపోతే వికారంతో, కళ్ళు తిరుగుతూ, రోజంతా నిలబడి పాఠం చెప్పాలి. ఈ చిక్కు ఆమె ఒక్కతెదే కాదు. ఆడది బడిలో పంతులమ్మగా అడుగుపెట్టిన నాటినుండి ఉన్నదే. దాని చరిత్రను నాకు తెలిసినంతమేరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట పంతులమ్మలు ఎవరు?

1848లో పూనాలో జోతీరావు ఫూలే దంపతులు బాలికల పాఠశాల ప్రారంభించారు. సావిత్రీబాయి ఫూలే అందులో బోధించారు. ఆమెకు కడుపున పుట్టిన సంతానం లేదు. కాని గర్భవతుల కష్టం ఆమెకు తెలియనిది కాదు. 1863లో ఆ దంపతులు, గర్భం ధరించి దిక్కులేనివారైన వితంతువుల కోసం తమ ఇంటనే ఒక ఆశ్రయం నెలకొల్పారు. అక్కడ జన్మించిన ఒక వితంతువు బిడ్డనే యశ్వంత్ అన్న పేరుతో పెంచుకున్నారు. మన దేశపు తొలి పంతులమ్మలలో ఒకరు పగలు పాఠం చెబుతూ, ఇంట గర్భిణులను కాపాడారన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఒక పంక్తిగానైనా ఉండదగినది.

తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. ఇలా ఊరూరా ఆడపిల్లల బడులు వెలిసేకొద్దీ, వాటిలో బోధించే స్త్రీలు ఎక్కడినుండి వస్తారన్న ప్రశ్న తలెత్తింది. గృహిణి గడప దాటదు. కన్నెపిల్లకు పదేళ్ళకే పెళ్ళి. 1882లో నియమితమైన హంటర్ విద్యాసంఘం రెండు మార్గాలు సూచించింది. బడిపంతుళ్ళ భార్యలను ప్రోత్సాహకాలిచ్చి ఉపాధ్యాయినులుగా తయారుచేయడం ఒకటి, తగిన వితంతువులకు శిక్షణనివ్వడం రెండవది. ఆచరణలో రెండవ మార్గానికే పేరుమోసిన సంస్థలు ఏర్పడ్డాయి. 1896లో ధోండో కేశవ కర్వే పూనాలో వితంతువుల ఆశ్రమాన్ని నెలకొల్పి వారి చదువుకు దారి చూపారు. చెన్నపట్టణంలో, తానే బాలవితంతువైన సుబ్బలక్ష్మిగారు 1911లో పట్టభద్రురాలై, తనవంటి బాలికలను చేరదీసి ఉపాధ్యాయ వృత్తికి సిద్ధం చేశారు. మెరీనా తీరపు ఐస్ హౌస్ భవనంలో ఆ బాలికలు నివసించారు. వారు కాక మిషన్ బడులలో క్రైస్తవ సన్యాసినులు, అవివాహితలైన దొరసానులు ఉండేవారు.

ఆ మహనీయుల సేవకు చేయెత్తి నమస్కరిస్తాను. ఒక జీవితం మోడువారిందని లోకం తీర్మానించిన చోట వారు పలక, బలపం చేతికిచ్చి బ్రతుకు చూపారు. అయితే దీనివలన ఒక ఫలితం కలిగింది. పంతులమ్మ అంటే భర్త, బిడ్డలు లేని స్త్రీ అన్న చిత్రం బడి అలవాట్లలో స్థిరపడింది. పాఠకాల పట్టిక, హాజరు పట్టీ, బదిలీ నియమాలు, నిలబడి బోధించే పద్ధతి అన్నీ ఆ చిత్రానికి తగినట్టే ఏర్పడ్డాయి. తరువాత గృహిణులు వేల సంఖ్యలో బడిలోకి వచ్చారు గాని, గంట మాత్రం పాత లెక్కనే మ్రోగుతూ వచ్చింది.

కడుపు కనబడరాదన్న నియమం

ఈ చూపు మన దేశానికే పరిమితమని అనుకోనక్కరలేదు. ఇంగ్లండులో పెళ్ళయిన ఉపాధ్యాయినిని ఉద్యోగం నుండి తొలగించే ఆచారం అనేక చోట్ల ఉండేది. 1944 నాటి విద్యాచట్టం దానిని నిషేధించింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగర పాఠశాలల మండలి అయితే, గర్భవతియైన ఉపాధ్యాయిని ప్రసవానికి ఐదు నెలల ముందే జీతం లేని సెలవు పెట్టి వెళ్ళిపోవాలని నియమం చేసింది. బిడ్డకు మూడు నెలలు నిండేవరకు తిరిగి చేరరాదు. ఆ నియమం పుట్టుకకు చెప్పిన కారణాలలో, ఎత్తయిన కడుపు చూసి పిల్లలు కిసుక్కున నవ్వుతారన్నది ఒకటి. 1974లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ నియమాన్ని కొట్టివేసింది.

ఇక్కడ గమనించదగిన సంగతి ఉంది. ఆ మండలి ఉపాధ్యాయినిని పంపివేసినది నాలుగో నెల దాటిన తరువాత, అంటే వికారం సాధారణంగా తగ్గి ఒంట్లో కాస్త సత్తువ తిరిగివచ్చే కాలంలో. నిజంగా నీరసించి గోడ పట్టుకున్న మొదటి మూడు నెలలు ఆమె చేత పూర్తిపని చేయించింది. కంటికి కనబడేదే గర్భమని అధికారులు భావించారు. ఒంటికి తెలిసే గర్భం వారి లెక్కలోకి రాలేదు.

చట్టం ఏ చివరినుండి మొదలయింది?

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన తొలి సమావేశంలోనే ప్రసూతి రక్షణ ఒడంబడిక చేసింది. 1924లో ఎన్.ఎం. జోషీ కేంద్ర శాసనసభలో ప్రసూతి భృతి బిల్లును ప్రవేశపెట్టారు, అది నెగ్గలేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఇటువంటి బిల్లు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దానిని సమర్థించి, ప్రసవానికి ముందూ వెనుకా తల్లికి విశ్రాంతి లభించడం జాతి ప్రయోజనమని వాదించారు. 1929లో అది చట్టమయింది. మదరాసు రాజధానిలో 1934లో ప్రసూతి భృతి చట్టం వచ్చింది. ఇవి కర్మాగారాలలోని స్త్రీల కోసం చేసినవి. ప్రభుత్వ ఉపాధ్యాయినులకు సర్వీసు నియమాలే ఆధారం. ప్రైవేటు బడుల వారికి యాజమాన్యం దయే దిక్కు.

స్వాతంత్ర్యానంతరం 1961లో ప్రసూతి ప్రయోజన చట్టం దేశమంతటికీ వచ్చింది. జీతంతో పన్నెండు వారాల సెలవు ఇచ్చింది. 2017లో దానిని ఇరవై ఆరు వారాలకు పెంచారు. ఇద్దరు బిడ్డలు ఉన్నవారికి మాత్రం పన్నెండు వారాలే. కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు 90 రోజులుగా ఉన్న సెలవు 1997లో 135 రోజులు, 2008లో 180 రోజులు అయింది. తమిళనాడు ప్రభుత్వం తన ఉద్యోగినులకు 2011లో ఆరు నెలలు, 2016లో తొమ్మిది నెలలు, 2021లో పన్నెండు నెలలు చేసింది.

ఇవన్నీ సంతోషించదగినవే. అయితే ఈ పెరుగుదల ఏ వైపుకు సాగిందో చూడండి. 2017 సవరణలోనూ ఇరవై ఆరు వారాలలో ప్రసవానికి ముందు వాడుకోగలిగినవి ఎనిమిది వారాలకు మించవు. సెలవు ప్రసవం నుండి ముందుకు, బిడ్డ పెంపకం వైపుకు పెరిగింది. వేవిళ్ళ నెలలవైపు అంతగా జరగలేదు.

1961 చట్టపు నాలుగవ విభాగంలో ఒక మాట చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. శ్రమతో కూడిన పని, ఎక్కువ గంటలు నిలబడవలసిన పని గర్భిణి కోరితే ఆమెకు అప్పగించరాదని అందులో ఉంది. ఎక్కువ గంటలు నిలబడే పని! మన వృత్తిని చూసి వ్రాసినట్టే ఉంది గదా. కాని ఆ రక్షణ ఎప్పటినుండి? ప్రసవానికి ముందు వచ్చే ఆరు వారాలకు ముందటి ఒక నెల నుండి మాత్రమే. అంటే సుమారు ఆరున్నర నెలలు నిండేవరకు ఈ మాట ఆమెకు అక్కరకు రాదు.

అయినా మొదటి నెలలకు పనికివచ్చే రెండు అంశాలు ఆ చట్టంలో ఉన్నాయి. తొమ్మిదవ విభాగం గర్భస్రావం జరిగితే ఆరు వారాల జీతపు సెలవు ఇచ్చింది. పదవ విభాగం గర్భం వలన కలిగిన అనారోగ్యానికి, వైద్యుని ధ్రువపత్రంతో, మరొక నెలవరకు జీతపు సెలవు ఇచ్చింది. కాలం చివరలోనే వాడాలని అందులో లేదు. అన్నం నీళ్ళు నిలవనంతగా వాంతులు పట్టుకున్న రెండో నెల స్త్రీకి ఆధారం ఇదే. అంతేకాదు, చట్ట సారాంశాన్ని ఆ ప్రాంతపు భాషలో లేక భాషలలో స్త్రీలు పనిచేసే చోట కనబడేలా ప్రదర్శించాలని కూడా చట్టం నిర్దేశించింది. భాషలలో అన్న బహువచనం భాషాల్పసంఖ్యాకులమైన మనకు ముఖ్యం. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఏ గోడమీదా అటువంటి తెలుగు కాగితం చూడలేదు.

ఈ చట్టంలోని ప్రసూతి విషయాలు 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతిలోకి చేరాయి. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది.

న్యాయస్థానాల తలుపు తట్టినవారు

చట్టం ఉన్నా హక్కు దానంతటది నడచిరాలేదు. 1981లో విమాన పరిచారికల కేసులో, తొలి గర్భంతోనే ఉద్యోగం ఊడగొట్టే నియమాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. మన విషయానికి ఇంకా దగ్గరైనది 1991 నాటి జీవిత బీమా సంస్థ కేసు. ఆ సంస్థ ఉద్యోగంలో చేరే స్త్రీల చేత నెలసరి వివరాలు, చివరి బహిష్టు తేదీ వ్రాయించుకునేది. ఒక ఉద్యోగిని తన గర్భం సంగతి దాచిందని ప్రసూతి సెలవు తరువాత తొలగించింది. అటువంటి ప్రశ్నలు స్త్రీ అభిమానానికి భంగమని న్యాయస్థానం చెప్పి, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. కనుక ఉద్యోగంలో చేరేవేళ ఈ వివరాలు అడిగే అధికారం యజమానికి లేదని మన యువతులు గుర్తుంచుకోవాలి.

2025 మే 23న వచ్చిన తీర్పు అయితే ఒక బడిపంతులమ్మదే. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలో ఆంగ్లం బోధించే ఆమెకు మొదటి వివాహంలో ఇద్దరు పిల్లలు. ఉద్యోగంలో చేరిన తరువాత రెండవ వివాహం వలన గర్భం వచ్చింది. ఇద్దరు పిల్లలున్నారంటూ సెలవు నిరాకరించారు. ప్రసూతి సెలవు స్త్రీ సంతానహక్కులలో భాగమని, అది రాజ్యాంగపు 21వ అధికరణంతో ముడిపడినదని సుప్రీంకోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పు చెప్పింది.

నా అనుభవం

ఇంత చదివినదానిని నేను ఆనాడు ఏమి చేశానో చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమే అవుతుంది. 1997లో నేను ఒక ఎయిడెడ్ బడిలో పనిచేసేదానిని. రెండు బస్సులు మారి వెళ్ళేదానిని. రెండో నెల. మొదటి బస్సులో డీజిలు వాసనకు కడుపు తిప్పేది. చీర కొంగులో నిమ్మకాయ ముడివేసుకుని వాసన చూస్తూ వెళ్ళేదానిని. బడిలో పిల్లలకు రెండు మరుగుదొడ్లు ఉండేవి, మాకు ఒకటీ లేదు. వాంతి వస్తే చెట్టు వెనక్కు పరుగెత్తేదానిని. అరగని అన్నమని తోటివారితో అబద్ధమాడేదానిని. తెలుగు తరగతులకు ఉన్నది నేనొక్కతెనే. సెలవు పెడితే మా పిల్లలను పక్క మాధ్యమం తరగతిలో కూర్చోబెట్టేవారు. ఒకసారి అక్కడ కూర్చున్న పిల్లలు తిరిగి రావడం కష్టమని నాకు తెలుసు. అందుకే మొండిగా వెళ్ళేదానిని.

పదో వారంలో గర్భం నిలవలేదు. నేను మూడు రోజులు సెలవు చీటీ వ్రాసి, కారణం జ్వరమని పెట్టాను. నాలుగో రోజు బడిలో నిలబడి శతకపద్యం చెప్పాను. ఆరు వారాల సెలవు అన్న మాట చట్టంలో ఉందని ఎవరూ చెప్పలేదు. అది మా బడికి వర్తిస్తుందా అని అడగడానికి నాకు ఆ మాటే తెలియదు. నిలబడడం వల్లనే అలా జరిగిందని నేను అనను. మొదటి పన్నెండు వారాలలో గర్భం జారడం తరచు జరిగేదే, చాలావాటికి కారణం పిండంలోని లోపమేనని వైద్యులు చెబుతారు. ఆ మాట కూడా అప్పుడు తెలిసి ఉంటే, ఎన్నో ఏళ్ళు నన్ను నేను నిందించుకునేదానిని కాను.

ఒక జ్వరం, ఒక టీకా

మొదటి నెలల ప్రాముఖ్యాన్ని వైద్యశాస్త్రం కూడా ఆలస్యంగానే గుర్తించింది. 1941లో ఆస్ట్రేలియా కంటివైద్యుడు నార్మన్ గ్రెగ్, కంటిపొరతో పుడుతున్న శిశువులను పరిశీలించి, వారి తల్లులకు గర్భారంభంలో రూబెల్లా సోకిందని కనిపెట్టారు. పిల్లలకు కొద్ది రోజుల దద్దుర్లతో పోయే జ్వరమది. మొదటి మూడు నెలల గర్భిణికి సోకితే శిశువు కన్ను, చెవి, గుండె దెబ్బతినవచ్చు. నలభై మంది పిల్లల ఊపిరి మధ్య నిలబడే పంతులమ్మకు ఇది ఎంత దగ్గరి సంగతో చెప్పనక్కరలేదు.

2017 ఫిబ్రవరిలో తట్టు, రూబెల్లా టీకా ఉద్యమం మొదలైనప్పుడు తొలి విడతలోనే కర్ణాటక, తమిళనాడు, యానాం ఉన్న పుదుచ్చేరి చేరాయి. బడులలో పిల్లలను వరుసలో నిలబెట్టి టీకా వేయించినది మనమే. కొందరు తల్లిదండ్రులు భయపడితే నచ్చజెప్పినదీ మనమే. ఆ టీకా తరగతిలోని బిడ్డతోపాటు, ఎదుట నిలబడిన పంతులమ్మ కడుపులోని బిడ్డనూ కాపాడుతుందని ఎంతమందికి చెప్పాము? గర్భిణులు మాత్రం ఈ టీకా వేయించుకోరాదు. గర్భం ధరించక ముందే వైద్యుని అడిగి వేయించుకోవాలి.

మన బడులలో ఏమి చేయగలం?

తెలుగు బడులలో ఈ సమస్య మరింత పదునైనది. పెద్ద బడిలో ఒక పంతులమ్మ సెలవు పెడితే మరొకరు తరగతి చూస్తారు. మన చోట ఒక్కరు లేకపోతే భాషే లేదు. అందుచేత గర్భవతియైన ఉపాధ్యాయిని తన ఒంటిని, తన భాషను త్రాసులో పెట్టి తూచవలసివస్తున్నది. ఈ తూకం ఆమె చేత చేయించడం అన్యాయం. ప్రత్యామ్నాయ ఉపాధ్యాయుని అడగడం యాజమాన్యం, సంఘం, తల్లిదండ్రుల బాధ్యత. అది ఎనిమిదో నెలలో అడిగితే సమయం చాలదు. ఊరిలో తెలుగు చదువుకున్న విశ్రాంత ఉపాధ్యాయులు, పట్టభద్రులు ఎవరున్నారో ఒక జాబితా ముందే వ్రాసి ఉంచుకుంటే, ఏ తరగతీ మూతపడదు.

ప్రధానోపాధ్యాయులకు నా మనవి. ఒక కుర్చీ, మొదటి పీరియడు మార్పు, మధ్యలో బయటికి వెళ్ళివచ్చే వెసులుబాటు, మంచినీరు, తలుపున్న మరుగుదొడ్డి. వీటికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలు బాలురకు, బాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలంది; ఉపాధ్యాయినుల ఊసు అందులో లేదు. 2021లో తమిళనాడు శాసనసభ దుకాణాలలో పనిచేసేవారికి కూర్చునే వసతి తప్పనిసరి చేసింది. బట్టల దుకాణంలో అమ్మాయికి దక్కిన కుర్చీని తరగతిలో పంతులమ్మకు ఇవ్వడానికి మనం మరొక చట్టం కోసం ఎదురుచూడాలా?

తల్లిదండ్రులారా, టీచరు కూర్చుని పాఠం చెబుతున్నదని మీ పిల్ల ఇంటికి వచ్చి చెబితే, సోమరితనమని తొందరపడి అనుకోవద్దు. చిన్న సోదరీమణులారా, అనుమానం రాగానే వైద్యుని చూడండి, ఫోలిక్ ఆమ్లం మాత్రలు అడగండి. రక్తస్రావం, తీవ్రమైన కడుపునొప్పి, నీళ్ళు కూడా నిలవని వాంతులు ఉంటే బడి గంట గురించి ఆలోచించక ఆసుపత్రికి వెళ్ళండి. ధ్రువపత్రం తీసుకోండి. సెలవు చీటీ మీద జ్వరమని వ్రాయకండి. అసలు కారణం వ్రాస్తేనే హక్కు మీదవుతుంది.

ఆ అమ్మాయికి నేను చివరికి చెప్పిన సమాధానం ఇది. లోకానికి చెప్పడం మూడో నెల దాటాక నీ ఇష్టం. బడిలో మాత్రం నీ తరగతి చూడగల ఒక్క మనిషికి, నమ్మదగిన మనిషికి, ఈ వారమే చెప్పు. ఆమె ప్రధానోపాధ్యాయినికి చెప్పింది. ఆవిడ పెద్దగా ఏమీ అనలేదట. స్టాఫ్ రూములోని తన చేతుల కుర్చీని నాలుగో తరగతిలో వేయించి, ఉదయపు ప్రార్థన వేళ నిలబడనవసరం లేదన్నారట. సీమంతానికి నన్ను పిలిచారు, వెళ్ళాను. ఇప్పుడు ఆమెకు ఆడపిల్ల. సెలవులో ఉండగా తరగతిని మా జాబితాలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయులు చూశారు. పిల్లలలో ఒక్కరూ తెలుగు విడిచి వెళ్ళలేదు.